రెగ్యులేటర్ కట్టేశావా?

2022 చలికాలం మాట. మెల్బోర్న్ చలికాలం అంటే మన ఊళ్ళో ఆవకాయ జాడీలకి వాసెన కట్టేసి వానల కోసం ఎదురుచూసే రోజులన్నమాట. మా అమ్మాయి బడి నుంచి నా ఫోనుకి ఒక అనుమతి పత్రం వచ్చింది. ఆల్టోనాలో టొయోటా కంపెనీ పెట్టిన హైడ్రోజన్ కేంద్రం చూపించడానికి పిల్లల్ని తీసుకెళ్తారట, తల్లిదండ్రులు సరేనని ఒక బటన్ నొక్కాలి. మామూలుగా అయితే చదవకుండానే నొక్కేసేవాణ్ణి. ఆ ఏడు మా అమ్మ మా దగ్గరుంది. కోవిడ్ తలుపులు తెరిచాక రెండేళ్ళ ఎడబాటు తర్వాత విశాఖ నుంచి వచ్చింది. సోఫాలో నా పక్కనే కూర్చుని పప్పులో రాళ్ళు ఏరుతోంది (ఇక్కడి పప్పులో రాళ్ళుండవని ఎన్నిసార్లు చెప్పినా వినదు!).

"హైడ్రోజనంటే బాంబు కదరా?" అంది.

"ఆ బాంబు వేరమ్మా, ఇది కారులో పోసుకునే గ్యాసు" అన్నాను.

"గ్యాసయితే మరీ వద్దు. పిల్లని పంపకు."

అంతే, మాట్లాడ్డం ఆపేసింది. అమ్మ అలా ఆపేసిందంటే దాని వెనక 1997 సెప్టెంబరు 14 ఉందని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ రోజు ఆదివారం. మేం గాజువాకలో అద్దెకుండేవాళ్ళం. నాకు పదిహేడేళ్ళు. పొద్దున్నే కిటికీలు అదిరాయి. కాసేపటికి విశాఖ రిఫైనరీ వైపు నల్లటి పొగ ఆకాశమంతా కమ్మేసింది. వంటగ్యాసు లీకై అంటుకుందని తర్వాత తెలిసింది. జనం చేతికందింది పట్టుకుని రోడ్డెక్కారు. మేం అనకాపల్లిలో మా మేనమామ గారింటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆ ప్రమాదంలో అరవై మంది దాకా పోయారు. అప్పటినుంచి మా అమ్మ రాత్రి పడుకునే ముందు "రెగ్యులేటర్ కట్టేశావా?" అని అడగని రోజు లేదు. "కట్టేశాను" అని చెప్పినా సరే, లేచెళ్ళి చేత్తో తాకి చూసి వచ్చి పడుకుంటుంది. మెల్బోర్న్‌లో మా ఇంట్లో బండే లేదు, గ్యాసు పైపులో వస్తుంది. అయినా పొయ్యి మరలన్నీ తడిమి చూసేది.

"పది రోజులు టైమివ్వు, చదివి చెప్తాను" అన్నాను. నేను చదివింది కంప్యూటర్లు, చేసేది ఐటీ కన్సల్టింగు. కెమిస్ట్రీ ఇంటర్‌తో వదిలేసిన బాపతు. అయినా నమ్మకమైన వ్యవస్థలు కట్టడమే నా వృత్తి కాబట్టి, దీన్ని కూడా ఒక వ్యవస్థలాగే చూద్దామనుకున్నాను.

పేరులోనే నీళ్ళు

పిల్లలూ, హైడ్రోజన్‌ని మా తెలుగు మీడియం పుస్తకాల్లో ఉదజని అనేవారు. ఉదకం అంటే నీళ్ళు, నీళ్ళని పుట్టించేది ఉదజని. ఆమ్లజని, నత్రజని దీని తోడబుట్టినవాళ్ళు. మా లెక్చరరు పరీక్షనాళికలో జింకు ముక్కలు వేసి, సజల ఆమ్లం పోసి, మూతి దగ్గర వెలిగించిన పుల్ల పెడితే 'టప్' మనేది. క్లాసంతా చప్పట్లు. ఆ 'టప్'ని పెద్దగా ఊహించుకుంటేనే భయం మొదలవుతుంది. 1937లో హిండెన్‌బర్గ్ అనే గాలినౌక అమెరికాలో దిగబోతూ తగలబడి 36 మంది పోయిన బొమ్మ ఎవరు మరిచిపోతారు?

కానీ మా అమ్మకి తెలిసిన గ్యాసుకీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. వంటగ్యాసు గాలికంటే బరువు. లీకైతే నేల మీద దుప్పటిలా పరుచుకుని, పల్లం వెతుక్కుంటూ పాకి, ఎక్కడో పొయ్యి వెలుగుతుంటే అక్కడ అంటుకుంటుంది. హైడ్రోజన్ గాలికంటే పద్నాలుగు రెట్లు తేలిక. ఆరుబయట లీకైతే గాలిపటంలా పైకి పోతుంది. అందుకే హైడ్రోజన్ ఉండేచోట పైకప్పు కింద మూల మిగలకూడదు, గ్యాసు పసిగట్టే పరికరం నేల దగ్గర కాదు, కప్పు దగ్గర ఉండాలి. వంటగ్యాసుకి సరిపోయే గది హైడ్రోజన్‌కి ఉచ్చు అవుతుంది.

ఇంతవరకూ ఉదజని మంచిదే. ఇక దాని చెడ్డగుణాలు. గాలిలో 4 శాతం కలిసినా అంటుకుంటుంది, 75 శాతం కలిసినా అంటుకుంటుంది. పెట్రోలు ఆవిరికైతే ఈ పరిధి చాలా చిన్నది. అంటుకోవడానికి కావలసిన నిప్పురవ్వ పెట్రోలుకి కావలసిన దాంట్లో పదోవంతు కూడా ఉండక్కర్లేదు, స్వెట్టరు విప్పుతుంటే చిటపటలాడేంత చాలు. పగటివెలుగులో దాని మంట దాదాపు కనిపించదు, దగ్గరికెళ్ళేదాకా సెగ కూడా పెద్దగా తగలదు. పాతరోజుల్లో అమెరికాలో రాకెట్ ఇంజన్లు పరీక్షించేచోట పనివాళ్ళు చీపురు ముందుకి చాపి నడిచేవారట, చీపురు అంటుకుందంటే అక్కడ మంట ఉన్నట్టు! ఈ ముక్క చెప్పగానే అమ్మ మొదటిసారి నవ్వింది. "చీపురు మనదగ్గరా ఉందిగా" అంది.

వాసన కూడా లేదు. వంటగ్యాసుకి కుళ్ళిన కంపు మనవాళ్ళే కలుపుతారు, లీకు తెలియాలని. హైడ్రోజన్ కారులోని ఫ్యూయల్ సెల్ అనే పరికరాన్ని ఆ గంధకపు కంపు పాడు చేస్తుంది కాబట్టి కలపలేరు. అంటే మన ముక్కు చేసే పని మొత్తం యంత్రాలకి అప్పగించాలి. నా ఆలోచన అక్కడే ఆగింది. చెప్తాను.

గిత్తంత బరువు

ఆల్టోనాలో టొయోటా 2017 అక్టోబరు దాకా కార్లు తయారు చేసింది. ఫ్యాక్టరీ మూసేశాక, ఆ స్థలంలోనే 2021 మార్చిలో హైడ్రోజన్ కేంద్రం తెరిచారు. నీళ్ళని కరెంటుతో విడగొట్టి హైడ్రోజన్ తీయడం, దాన్ని నొక్కి దాచడం, కారులో నింపడం, అన్నీ ఒక్కచోటే. టార్నీట్, పాయింట్ కుక్, వెర్రిబీ, ట్రుగనీనా అంటూ మన తెలుగువాళ్ళు సగం మంది ఉండేది ఆ చుట్టుపక్కలే కదా. అదే నెలలో కాన్‌బెర్రా ఫిష్‌విక్‌లో ప్రభుత్వ కార్ల కోసం మరో హైడ్రోజన్ బంకు తెరిచారు. అంతకుముందే, 2004 నుంచి 2007 దాకా, పెర్త్‌లో మూడు హైడ్రోజన్ బస్సులు తిరిగాయి. ఆస్ట్రేలియాకి ఇది మరీ కొత్తేం కాదు.

వంటగ్యాసు బండలో ఒత్తిడి మామూలుగా పది బార్లు దాటదు. హైడ్రోజన్ కారు ట్యాంకులో 700 బార్లు. బొటనవేలి గోరంత చోటు మీద బాగా మేపిన ఒంగోలు గిత్త నిలబడ్డట్టు లెక్క. ఇంత ఒత్తిడి ఎందుకంటే, తేలిక కాబట్టి మామూలుగా నింపితే కారంత ట్యాంకు పెట్టినా ఎక్కువ దూరం వెళ్ళలేం. మిరాయ్ కారు ట్యాంకుల్లో పట్టేది 5.6 కిలోలే, దాంతోనే వందల కిలోమీటర్లు వెళ్తుంది.

నింపడం చూస్తే ముచ్చటేస్తుంది. గొట్టం తగిలించగానే మూతి తాళం పడుతుంది. వెంటనే నింపదు, ముందు కొంచెం గ్యాసు వదిలి ఒత్తిడి నిలబడిందా, ఎక్కడైనా కారుతోందా చూస్తుంది. ఈలోగా కారు, బంకు ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో మాట్లాడుకుంటాయి. 'నా ట్యాంకు వేడి ఇంత, ఒత్తిడి ఇంత' అని కారు చెప్తూనే ఉంటుంది. సైకిలు పంపు కొడితే కింద వేడెక్కుతుంది చూశారా, అలాగే గ్యాసు వేగంగా నింపితే ట్యాంకు వేడెక్కుతుంది. 85 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. అందుకని గ్యాసుని ముందే మైనస్ 40 డిగ్రీల దాకా చల్లబరిచి పంపుతారు. మూడు నాలుగు నిమిషాల్లో పని పూర్తి. ఎవరైనా గొట్టం తీయకుండా కారు ముందుకి పోనిస్తే, గొట్టం ఒక నిర్ణీత చోట తెగి రెండు వైపులా మూసుకుంటుంది. కారు మంటల్లో చిక్కుకుంటే ట్యాంకుకున్న ఒక చిన్న మర వేడికి కరిగి, పేలకముందే గ్యాసుని బయటికి వదిలేస్తుంది.

ఏ వేగంతో నింపాలి, ఎంత చల్లబరచాలి అనేది ఎస్.ఏ.ఈ. జె2601 అనే ప్రమాణం చెప్తుంది. బంకు మొత్తం ఎలా కట్టాలో ఐ.ఎస్.ఓ. 19880-1 చెప్తుంది. స్టాండర్డ్స్ ఆస్ట్రేలియా వాళ్ళు 2020లో ఎనిమిది అంతర్జాతీయ హైడ్రోజన్ ప్రమాణాల్ని ఇక్కడికి తెచ్చారు. చదవడానికి మా వృత్తిలో ఉండే మాన్యువల్సంత చప్పగానే ఉంటాయి. ప్రమాదాల నివేదికలతో కలిపి చదివినప్పుడే వాటి రుచి తెలుస్తుంది.

నట్టు, ఉక్కు, నూనె

2019 జూన్ 10న నార్వేలో ఓస్లో దగ్గర సాండ్వికా అనే ఊళ్ళో ఒక హైడ్రోజన్ బంకు పేలింది. పక్క రోడ్డు మీద వెళ్తున్న కారులో ఆ అదురుకి ఎయిర్‌బ్యాగులు తెరుచుకుని ఇద్దరికి స్వల్ప గాయాలు. కారణం ఏమిటి? నిల్వ ట్యాంకు బిరడాకి ఉన్న కొన్ని బోల్టులు బిగించాల్సినంత బిగించలేదు. అంతే! అదే ఏడు మే నెలలో దక్షిణ కొరియా గాంగ్నంగ్‌లో హైడ్రోజన్ ట్యాంకులోకి ఆక్సిజన్ చేరి పేలి, ఇద్దరు చనిపోయారు. 2012లో కాలిఫోర్నియా ఎమరివిల్‌లో బస్సుల బంకులో ఒక రక్షక కవాటం లోపలి భాగం విరిగి మంట లేచింది. హైడ్రోజన్ కొన్ని రకాల ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసుగా చేస్తుంది, ఆ కవాటంలో వాడిన ఉక్కు సరిగ్గా అలాంటిదే. అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు.

విక్టోరియాలో చాలాకాలంగా ఉంటున్న మనవాళ్ళని 1998 గురించి అడగండి, రెండు వారాలు చన్నీళ్ళ స్నానం చేశామంటారు. ఆ సెప్టెంబరు 25న లాంగ్‌ఫర్డ్ గ్యాసు ప్లాంటు పేలింది. ఇద్దరు చనిపోయారు, ఎనిమిది మంది గాయపడ్డారు, రాష్ట్రమంతా గ్యాసు ఆగిపోయింది. అక్కడ హైడ్రోజన్ లేదు. వేడి నూనె ఆగిపోయి గడ్డకట్టేంత చల్లబడిన ఒక పాత్ర పెళుసుబారింది, దానిలోకి మళ్ళీ వేడి నూనె వదిలేసరికి పగిలింది. కంపెనీ పనివాళ్ళని తప్పుపట్టింది. రాయల్ కమిషన్ మాత్రం, ఆ ప్రమాదం గురించి వాళ్ళకి నేర్పనిదే వాళ్ళకెలా తెలుస్తుందని కంపెనీనే తప్పుపట్టింది. పెద్ద ప్రమాదాలకి ఆస్కారమున్న ప్లాంట్ల మీద విక్టోరియాలో ప్రత్యేక నిబంధనలు 2000లో వచ్చాయంటే ఆ చన్నీళ్ళ స్నానాల పుణ్యమే.

పదో రోజు రాత్రి ఇదంతా అమ్మకి చెప్పాను. మా ఆవిడ "ఏమండీ, భయం పోగొట్టమంటే పెంచుతున్నారు" అని కసిరింది. అమ్మ మాత్రం శ్రద్ధగా విని, "అయితే తప్పులు దాచకుండా రాసుకుంటారన్నమాట" అంది. కాసేపాగి, "ఆ గది పైకప్పు ఎలా ఉందో చూసి రమ్మని పిల్లకి చెప్పు" అంది. నేను బటన్ నొక్కాను. అమ్మాయి సాయంత్రం తిరిగొచ్చి, "నానమ్మా, అక్కడ సామానంతా ఆరుబయటే ఉంది" అని రిపోర్టిచ్చింది. దానికి అన్నిటికంటే నచ్చింది మాత్రం కారు పొగగొట్టంలోంచి నీళ్ళు కారడమట!

హేస్టింగ్స్‌లో పసుప్పచ్చని మంట

అక్కడితో ఈ కథ అయిపోయేది. కానీ 2023లో ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ ఒక నివేదిక విడుదల చేసింది. అది చదివాక నాకు రెండ్రోజులు నిద్రపట్టలేదు.

సుయిసో ఫ్రాంటియర్ అని కవాసాకి కంపెనీ కట్టిన ఓడ ఒకటుంది. ద్రవ హైడ్రోజన్‌ని మైనస్ 253 డిగ్రీల దగ్గర మోసుకెళ్ళే ఓడల్లో ప్రపంచంలో అదే మొదటిది. లాట్రోబ్ లోయ బొగ్గు నుంచి తీసిన హైడ్రోజన్‌ని జపాన్ తీసుకెళ్ళడానికి 2022 జనవరిలో మెల్బోర్న్‌కి ఆగ్నేయంగా ఉన్న హేస్టింగ్స్ రేవుకి వచ్చింది. ఎంత చల్లగా ఉంచినా ట్యాంకులో కొంచెం గ్యాసు ఆవిరవుతూనే ఉంటుంది. దాన్ని జాగ్రత్తగా కాల్చేయడానికి ఓడలో ఒక కొలిమి ఉంది. జనవరి 25న ఆ కొలిమి గొట్టంలోంచి డెక్ మీదికి పసుప్పచ్చని మంట వచ్చింది. సిబ్బంది చూసి ఆపేశారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, పేలుడూ లేదు. ఫిబ్రవరి చివర్లో ఓడ క్షేమంగా కోబె చేరింది.

దర్యాప్తులో తేలిందేమిటంటే, కొలిమికి గాలి పంపే దారిలో ఒక తలుపు ఉంటుంది. దాన్ని నడిపే చిన్న విద్యుత్ కవాటం 24 వోల్టుల డీసీ రకం. దానికి ఇచ్చిన కరెంటు 230 వోల్టుల ఏసీ! కొంతకాలం పనిచేసి అది పాడైంది, గాలి తలుపు మూసుకుంది, లోపల వేడి పెరిగి మంట బయటికి తన్నింది. ఇంతవరకూ పొరపాటు అనుకోవచ్చు. అసలు సంగతి తర్వాతది. తలుపు మూసుకుపోయిందని కంట్రోల్ వ్యవస్థకి తెలియలేదు. ఎందుకంటే తలుపు నిజంగా ఏ స్థితిలో ఉందో చూసి చెప్పే స్విచ్చి అక్కడ లేదు.

నాకు నా పనిలోనే జరిగిన ఒక సంగతి గుర్తొచ్చింది. చాలా ఏళ్ళ కిందట ఒక కస్టమరు దగ్గర రోజూ రాత్రి డేటా బ్యాకప్ తీసే ప్రోగ్రాం రాశాం. ప్రతి పొద్దున్నా తెర మీద పచ్చదీపం. ఎనిమిది నెలల తర్వాత అవసరం పడి తెరిచి చూస్తే ఫైళ్ళు ఖాళీ! 'బ్యాకప్ మొదలుపెట్టు' అన్న ఆజ్ఞ వెళ్ళిందా లేదా అన్నదే మా ప్రోగ్రాం చూసింది, ఫైల్లో ఏముందో చూడలేదు. రాసింది నేనే. మా తప్పుకి నాలుగు వారాంతాలు పోయాయి. అంతకంటే పెద్దవి పోయే చోట్లున్నాయి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం మీద పడింది. పన్నెండు మంది పోయారు. ట్యాంకులో వేడి కొలిచే పరికరం అడుగునే ఉందని, పైపొరలు వేడెక్కడం ఎవరికీ తెలియలేదని ప్రభుత్వం వేసిన కమిటీ రాసింది. సైరన్ కూడా మోగలేదు.

ఆ ఆదివారం అమ్మకి ఫోన్లో ఓడ కథ చెప్పాను. వోల్టులు ఆవిడకి పట్టలేదు. గాలి తలుపు దగ్గర స్విచ్చి లేదనగానే, "అంటే తలుపు తెరిచావా అని అడిగేవాడున్నాడు గానీ, వెళ్ళి చూసేవాడు లేడన్నమాట. నేను లేచెళ్తుంటే నువ్వు నవ్వేవాడివి కదరా?" అంది. ఆ ఓడలో కవాటాలు మార్చి, తర్వాత ఆ స్విచ్చి పెట్టారని చెప్పాను. "పెట్టాలి మరి" అంది.

పూడిమడక

ఇక్కడ హైడ్రోజన్ జోరు కాస్త తగ్గింది. 2024 చివర్లో కవాసాకి లాట్రోబ్ హైడ్రోజన్ సంగతి పక్కనబెట్టి జపాన్‌లోనే సమకూర్చుకోవాలనుకుంది. 2025 ఫిబ్రవరిలో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం గ్లాడ్‌స్టన్ దగ్గరి ప్రాజెక్టుకి డబ్బు ఆపేసింది, దక్షిణ ఆస్ట్రేలియా వయాలా ప్లాంటుని వాయిదా వేసింది. ఖర్చు ఎక్కువ, కొనేవాళ్ళు తక్కువ. కార్లలో బ్యాటరీ గెలిచిందనే నేనూ అనుకుంటున్నాను. ఉక్కుకీ ఎరువులకీ మాత్రం హైడ్రోజన్ ఎక్కడికీ పోదు.

మన దగ్గర మాత్రం ఇప్పుడే వేడెక్కుతోంది. శ్రీహరికోటలో ద్రవ హైడ్రోజన్ కొత్త కాదు, 2023లో చంద్రయాన్-3ని మోసుకెళ్ళిన రాకెట్ పై అంచెలో కాలింది అదే. కానీ అది దీవి, ఊళ్ళకి దూరం. 2025 జనవరి 8న విశాఖ సభలో ప్రధాని మోదీ ఎన్.టి.పి.సి. వాళ్ళ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి శంకుస్థాపన చేశారు. రోజుకి 1,500 టన్నుల హైడ్రోజన్ లక్ష్యమట. ఆల్టోనాలో లెక్క కిలోల్లో! చోటు అనకాపల్లి జిల్లా పూడిమడక. అమ్మ ఇప్పుడుండేది అనకాపల్లిలోనే, మా మేనమామ గారి వీధిలో.

మర్నాడే ఫోను. "ఒరే, నీ ఉదజని మా ఊరే వస్తోందిరా!" భయపడుతుందేమో, వద్దంటుందేమో అనుకున్నాను. "మీ చెల్లెలి కొడుక్కి అందులో ఉద్యోగం దొరుకుతుందంటావా?" అని అడిగింది ముందు. ఆ తర్వాత, "ఏమేం అడగాలో తెలుగులో రాసి పంపించు, ఇక్కడ నలుగురికీ చూపిస్తాను" అంది.

నేను చెప్తుంటే మా అమ్మాయి రాసింది. శనివారం తెలుగు బడిలో నేర్చుకున్న అక్షరాలు, 'ఒత్తిడి'కి ఒత్తు మర్చిపోయింది. కప్పు కింద గ్యాసు నిలిచే చోటుందా? పసిగట్టే పరికరాలు ఎక్కడ పెట్టారు, ఎన్నాళ్ళకోసారి పరీక్షిస్తారు? కవాటం మూసుకుందని యంత్రం ఎలా తెలుసుకుంటుంది, ఆజ్ఞ చూసా, కవాటాన్ని చూసా? సైరన్ మోగితే ఏ దారిన వెళ్ళాలి, ఆ సైరన్ని ఆఖరుసారి ఎప్పుడు మోగించి చూశారు? ప్రమాదం తప్పిపోయినప్పుడు ఆ వివరాలు ఊళ్ళోవాళ్ళకి చెప్తారా?

కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాం. గంటకి అదే కాగితం మీద నానమ్మ ఎర్ర పెన్నుతో దిద్ది తిరిగి పంపింది. 'ఒత్తిడి'కి ఒత్తు పెట్టింది. కింద ఇంకో ప్రశ్న తన చేత్తో రాసింది: "రాత్రి డ్యూటీలో ఉన్నవాడు లేచెళ్ళి తాకి చూస్తాడా?"